పనిలేని నెలల పొయ్యి

ఎలగందుల కోటను గూర్చి, జగిత్యాల కోటను గూర్చి, నిర్మల బురుజులను గూర్చి చరిత్రకారులు వ్రాసినారు. ఆ కోటలకు రాళ్లు మోసిన కూలివారు సాయంకాలము ఇంటికి పోయి ఏమి తినిరో వ్రాసినవారు అరుదు. కూలి దొరకని దినమున ఏమి తినిరో వ్రాసినవారు మఱియు అరుదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో జనుల తిండి, బట్ట, ఆటపాటలు కూడ చరిత్రయే యని నిరూపించిరి. ఆ త్రోవలోనే నాలుగడుగులు వేసి, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో పని దొరకని కాలమున ఇల్లాండ్రు పొయ్యిమీద ఏమి పెట్టిరి, అది స్వల్ప వ్యయముతో ఎట్లు రుచిగా కుదిరెను, ఆ కుదురు ఎందుచేత చెదరెను అను విషయమును ఇచ్చట పరిశీలింతుము.

జిల్లాలను మేము పాత హద్దులతోనే చెప్పుచున్నాము. నిజాము రాజ్యమున 1905లో జరిగిన మార్పులలో ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లా అయ్యెను. సిర్పూరు తాండూరు అనబడిన ప్రాంతము ఆదిలాబాదు జిల్లా అయ్యెను. 2016 అక్టోబరు 11న ఈ రెండును విభజింపబడి నేడు పెక్కు జిల్లాలుగా నున్నవి. గోదావరికి దక్షిణమున చెరువుల సీమ, ఉత్తరమున నల్లరేగళ్లు, అడవులు. నేల వేఱైనను పనిలేని కాలపు వంట మాత్రము రెండింటను చాలవఱకు ఒక్కటియే.

ఈ సీమలో పనిలేనితనము క్రొత్తది కాదు. ‘నిరుద్యోగము’ అను పేరు మాత్రమే క్రొత్తది. వానమీద ఆధారపడిన సేద్యమున కూలికి కాలము కలదు. మృగశిర కార్తెతో విత్తు పని మొదలగును. కలుపు, కోత, కల్లము వరుసగా వచ్చును. కల్లము ముగిసిన పిదప ఫాల్గుణమునుండి జ్యేష్ఠము వఱకు చేలలో పని లేదు. కాని ఇంట కొంత గింజ యుండును. ఆషాఢ శ్రావణములలో కలుపు పని దొరకును గాని గాదె అడుగంటును. కావున కూలియింటికి లేమి రెండు విధములు: పని లేక కొన్నాళ్లు, పని యుండియు గింజ లేక కొన్నాళ్లు. ఏటికేడు ఈ రెండు గండములను దాటించుటయే ఇల్లాలి నేర్పు.

గింజ చాలనప్పుడు ‘నాగు’ తెచ్చుకొనుట పాత పద్ధతి. శ్రావణమున కుంచెడు గింజలు అప్పు తెచ్చినచో కల్లమున కుంచెడున్నర కొలిచి ఈయవలెను. దొర గడిలో వెట్టిచాకిరి యుండిన దినములలో కూలివారి స్త్రీలు ముందు గడి వడ్లు దంచి, పొద్దుగూకిన తరువాత తమ ఇంటి గింజలు దంచుకొనుచుండిరి. అనగా ఆ యింట కొఱత పడినది గింజ యొక్కటియే కాదు. దంచుటకు చేతి బలము, పొద్దు కూడ కొఱతయే. ఈ మాటను పాఠకులు గుర్తునందుంచుకొన వలెను. వ్యాసము చివర దీనితో మనకు పని యున్నది.

నాడు కుండలో ఉడికినది వరి కాదు. పొలాసకు, వేములవాడకు జాతరకు పోయినప్పుడో, పండుగకో, చుట్టములు వచ్చినప్పుడో వరియన్నము. తక్కిన దినములలో జొన్న, మక్క, తైదలు. వరి తినువాడు జొన్న తినువానిని చిన్నచూపు చూచుట మన దేశమున పాత వాడుకయే. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుని పేర నేటికిని చెల్లుచున్నవి. ఎగతాళి చేసినవారు ఆ కూటిని రుచిగా వండుటకు ఎంత నేర్పు వలయునో గమనించినట్లు లేదు.

గటక తీరును చూడుడు. జొన్నలకు కొంచెము నీరు చిలకరించి రోట దంచి, పొట్టు చెఱగి, ఇసుర్రాయిలో పలుకుగా విసరుదురు. జల్లెడపై నిలిచిన రవ్వ గటకకు, క్రింద రాలిన పిండి అంబలికిని రొట్టెకును, చెఱగిన పొట్టు బఱ్ఱెకు. ఒక గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీరు ఎసరు పెట్టి, ఉప్పు వేసి, నీరు తెర్లునప్పుడు ఒక చేత రవ్వ పోయుచు మఱియొక చేత తెడ్డుతో ఉండ కట్టకుండ కలుపవలెను. తరువాత మంట తీసివేసి నిప్పులమీద మూతపెట్టి మగ్గనీయవలెను. పొలముల కట్టెలు, పత్తికట్టె, పిడకలు ఇంధనమైన యింట ఈ మగ్గించుటలోనే పొదుపున్నది. మక్క గటకయు ఇట్లే. దాని రవ్వకు నీరు కొంచెము ఎక్కువ పట్టును, కమ్మదనము వేఱు.

రాత్రి మిగిలిన గటక వృథా కాలేదు. దానిని చల్లలోనో కలిలోనో పిసికి యుంచిన ప్రొద్దుటికి సద్ది యగును. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకొని దానిని త్రాగి చేనికి పోవుచుండిరి. ఒక్కసారి పొయ్యి వెలిగించి రెండు పూటలు గడపుట ఇందలి కిటుకు. అంబలిదియు ఇదే త్రోవ. ముందునాడు పిండిని నీట కలిపి పులియనిచ్చి, మఱునాడు ఎసటిలో పోసి కాచిన పుల్లని రుచి దానంతట అదే వచ్చును. ఆ పులుపునకు చింతపండు కూడ అక్కఱలేదు.

ఇక రుచి సంగతి. చవక తిండి యనగానే చప్పిడి తిండి యని పట్టణవాసులు తలచుట కలదు. ఇది పొరపాటు. దినదినము ఒకే గింజను తినవలసినవానికే రుచి మిక్కిలి అవసరము. పది వంటలున్న విస్తరిలో ఒకటి చప్పగా నున్నను గడచును. ఒక్క గటకయే యున్న పళ్లెమున ప్రక్కనున్న పులుసు బాగుండనిచో పిల్లవాడు తినడు, కలుపునకు పోవలసినవాడు అరకడుపుతో లేచును. కావున పేదయింట రుచి విలాసము కాదు. ఆకలి తీర్చు సాధనము.

ఆ సాధనములలో మొదటిది పచ్చిపులుసు. నలుగురికి నిమ్మకాయంత చింతపండు చాలును. దానిని నానబెట్టి పిసికి నాలుగు గ్లాసుల నీటిలో పలుచన చేయవలెను. నాలుగైదు పచ్చిమిరపకాయలను నిప్పులమీద కాల్చి ఉప్పుతో నలిపి అందు కలిపి, రెండు ఉల్లిగడ్డలను సన్నగా తఱిగి వేసి, కొంచెము జీలకఱ్ఱయు, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలును చేర్చవలెను. నూనె యున్నచో ఒక చెంచాతో పోపు, లేనిచో లేదు. ఉడికించు పని లేదు కావున కట్టె ఖర్చు లేదు. నువ్వులపొడి పడుటచే పులుసునకు చిక్కదనము, కమ్మదనము వచ్చును. కోస్తావారి పచ్చిపులుసునకును తెలంగాణపు పచ్చిపులుసునకును ఈ నువ్వులే తేడా యని పలువురు చెప్పుదురు.

తరువాతివి తొక్కులు. చింతకాయ తొక్కు ఏడాది పొడుగున ఉండును. ఎల్లిపాయ కారము రోట నాలుగు దెబ్బలతో అగును. పుంటికూరను మిరపకాయలతో నూరిన తొక్కుతో ఒక ముద్ద ఎక్కువే దిగును. ఎండకాలమున చవకగా వచ్చిన వంకాయలు, గోకరకాయలు కోసి ఎండబెట్టిన ఒరుగులు వానకాలమున కూరలగును. వాన పడినతోడనే చేలగట్లమీద గంగవాయిలికూర, చెంచలికూర, తోటకూర తమంత తామే మొలచును. కలుపు తీయుటకు పోయిన స్త్రీ కొంగులో కూర నింపుకొని వచ్చుచుండెను. చేనికి కలుపైనది ఇంటికి కూరయైనది. గుప్పెడు కందిపప్పులో రెండు గుప్పెళ్ల ఆకు వేసి ఉడికించిన పప్పు ఐదుగురికి సరిపోవును. బబ్బెర్లు, పెసర్లు, అనుములు ఉన్నచో ఉడికించి గుడాలు చేసి పిల్లలకు పెట్టుదురు.

ఇదంతయు అనాదినుండి ఇట్లే యున్నదని అనుకొనరాదు. మక్కలు, మిరపకాయలు, పల్లికాయలు అమెరికా ఖండమునుండి పదునాఱవ శతాబ్దమునను ఆ తరువాతను మన దేశమునకు వచ్చినవి. అంతకు ముందు ఈ పొయ్యిమీద కారమునకు మిరియములే దిక్కు. పేదవారు పాతదానిని పట్టుకొని వ్రేలాడుదురని అనుట సరికాదు. గాదె అడుగంటిన భాద్రపదమున అన్నిటికంటె ముందుగా చేతికి వచ్చు పంట కావుననే మక్కను వీరు చేరదీసిరి. ఆ దినములలోనే బతుకమ్మ వచ్చును. మక్కలు వేయించి విసరి బెల్లముతో కలిపిన సత్తుపిండి ఆ పండుగ ఫలహారమగుటలో ఆకలి నెలలు దాటిన సంతోషము కూడ ఉన్నదని మా నమ్మకము.

ఇంతవఱకు చెప్పినది విని పాత తిండియంతయు మేలే యని తీర్మానింపరాదు. గటక ప్రక్కన పప్పు, ఆకుకూర, చల్ల ఉన్నంతవఱకే అది నిండు భోజనము. అవి తప్పిపోయి గటక యొక్కటియే మిగిలినచో ఏమగునో వైద్యులు కనుగొనిరి. కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా గారలు 1960 ప్రాంతమున జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా యను వ్యాధిని పరిశీలించిరి. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి గరుకెక్కుట, విరేచనములు, మనసు చెదరుట దాని లక్షణములు. జొన్నలోని ల్యూసిన్ అను పదార్థము మితిమీరుట అందుకు కారణమని వారు ప్రతిపాదించిరి. ఇదే వ్యాధి మక్క ప్రధానాహారమైన ఇటలీ పల్లెలలోను, అమెరికా దక్షిణ రాష్ట్రములలోను వేలమందిని బాధించినది. మక్క పుట్టినిల్లైన మెక్సికోలో మాత్రము గింజను సున్నపు నీటిలో ఉడికించు ఆచారముండుటచే ఆ బాధ అరుదు. అనగా ఒక గింజ క్రొత్త దేశమునకు పోయినప్పుడు దానితోబాటు దానిని వండు తెలివి కూడ పోవలెను.

కావున జొన్న తక్కువదియు కాదు, సర్వరోగ నివారిణియు కాదు. నూఱు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు. మఱపట్టిన బియ్యమున మాంసకృత్తులు 7 నుండి 8 గ్రాములు, ఇనుము ఒక మిల్లీగ్రామునకు లోపు. తైదలలో కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైబడి యున్నది. లెక్క జొన్న తైదలవైపే మొగ్గును. కాని పళ్లెము నిండవలెనన్న ప్రక్కన పప్పును ఆకును తప్పక ఉండవలెను. మన అవ్వలు ఈ లెక్కలు చదువలేదు. పచ్చిపులుసులో నువ్వులు, పప్పులో ఆకు, గటకలో చల్ల కలిపిరి.

గోదావరి దాటి ఆదిలాబాదు అడవులకు పోయినచో ఇదే వంటకు మఱియొక అండ కనబడును. గోండుల ముఖ్యాహారము జొన్న. దానికి తోడు అడవి. చైత్రమున తెల్లవారకముందే చెట్టుక్రింద రాలిన ఇప్పపూవు ఏరి, ఎండబెట్టి, వానకాలమునకు దాచుకొందురు. ఎండిన పూవు ద్రాక్షపండువలె తియ్యన. దానిని వేయించి నువ్వులతో దంచి ఉండలు చేయుట, జొన్నలతో ఉడికించుట వారి పద్ధతులు. చేలలో పని లేని నెలలలోనే ఇప్ప రాలుట, అది గాదె ఖాళీయగు నెలలకు అక్కఱకు వచ్చుట గమనింపదగిన విషయము. నేడు ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముచున్నారు.

కాని అడవి తిండి ఊరక వచ్చునది యనుట తప్పు. చెట్టు ఎవరిది అను ప్రశ్న దాని వెనుక ఉన్నది. నిజాము పాలనలో అడవులు సర్కారు రక్షితములై, పశువుల మేతకు, కట్టెలకు పన్నులు పడి, పోడు చేలనుండి గోండులు, కోలాములు వెడలగొట్టబడిరి. కుమురం భీము నాయకత్వమున వారు తిరుగబడగా 1940లో జోడెఘాట్ వద్ద ఆయన ప్రాణము పోయినది. తరువాత నిజాము ప్రభుత్వము కోరికపై క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు మార్లవాయిలో నివసించి గోండుల జీవితమును పరిశీలించి, 1948లో గ్రంథము ప్రకటించెను. జలము, అడవి, భూమి అను భీము కోరికలను వంటయింటినుండి చూచినచో అవి ఎసరు, పొయ్యికట్టె, గింజ. ఈ మూడును లేక పొయ్యి వెలుగదు.

అడవియు చేనును లేని యిల్లు పట్టణమున నున్నది. మానేరు ఒడ్డున సిరిసిల్ల మగ్గముల ఊరు. మగ్గమాడినంతకాలము కూలి వచ్చును. ఆగిననాడు ఇంట గింజ లేదు, గట్టుమీద కూర లేదు, చింతచెట్టు లేదు. ఉప్పుమొదలు కట్టెవఱకు కొనవలసినదే. అందుచేతనే రైతుకూలికంటె నేతకూలి ఆకలిని త్వరగా చూచును. చేతిమగ్గము పోయి మరమగ్గము వచ్చిన తరువాత పలువురు భివండికి, షోలాపూరునకు వలసపోయిరి. 2000 తరువాతి సంవత్సరములలో సిరిసిల్ల నేతకారుల ఆత్మహత్యలు దేశమంతటను ఆందోళన కలిగించినవి. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పని అప్పగించినప్పుడు మగ్గములాడినవి; పని రాని నెలలలో మరల ఆగినవి. మాంద్యము వచ్చినప్పుడు పత్రికలు మగ్గములను లెక్కించును. పొయ్యిలను లెక్కించువారు లేరు.

ఆదిలాబాదు వైపున కాగజ్‌నగరు కథ ఇట్టిదే. ఆ ఊరికి పేరే కాగితమువలన వచ్చినది. 1942లో కాగితము తీయ మొదలిడిన సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతపడి, 2018లో మఱియొక యాజమాన్యము క్రింద తెఱవబడెను. నెలజీతముపై మూడు తరములు బ్రదికిన కార్మికుల ఊరు నాలుగేండ్లు జీతము లేక గడపినది. జీతము అలవాటైన యింటికి పనిలేనితనము మఱింత కష్టము. కూలియింటికి లేమి ఏటేట వచ్చు చుట్టము; దానికి తొక్కు, ఒరుగు ముందే సిద్ధము. జీతపుటిల్లు ఆ విద్యను మఱచిపోయి యుండును.

ఇచ్చట బియ్యపు కథ వచ్చును. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు, అనగా శ్రీరాంసాగరు, కాకతీయ కాలువ ద్వారా కరీంనగరు చేలకు నీరిచ్చెను; జొన్న చేలు వరి మళ్లయినవి. 1983లో ప్రభుత్వము కిలో బియ్యమును 2 రూపాయలకు ఈయనారంభించెను. ధర 2011లో ఒక రూపాయకు దిగెను. 2015 జనవరినుండి తెలంగాణ ప్రభుత్వము మనిషికి నెలకు 6 కిలోలు ఇచ్చెను. 2020లో కరోనా వలన పనులన్నియు ఆగినప్పుడు మనిషికి 12 కిలోల బియ్యము, కార్డునకు 1,500 రూపాయలు ఇచ్చిరి. 2023 జనవరినుండి బియ్యము ఉచితమైనది. 2025లో దొడ్డు బియ్యమునకు బదులు సన్నబియ్యము వచ్చినది. పండుగ అన్నము దినదినాన్నమైనది. ఇది చిన్న సంగతి కాదు. నాగు తెచ్చి నలిగినవారి మనుమలు చౌకదుకాణము ముందు నిలిచి తమ హక్కుగా గింజ తెచ్చుకొనుచున్నారు. దీనిని తక్కువ చేసి మాటలాడుట ఆకలి నెఱుగనివారి పని.

ఐనను లెక్క వేయుదము. ఐదుగురున్న యింటికి నెలకు 30 కిలోలు. దినమునకు ఒక కిలో. మనిషికి 200 గ్రాములు. దానివలన వచ్చు శక్తి సుమారు 700 కేలరీలు. పని చేయు మనిషికి కావలసినది 2,000కు పైమాటే. పప్పు, నూనె, కూర, పాలు ఇందులో లేవు. పొయ్యిమీద ఎసరు లేచును గాని పళ్లెము నిండదు. మిగిలిన భాగమును ఇల్లు తానే సమకూర్చుకొనవలెను. పాత విద్య అక్కఱకు వచ్చు చోటు ఇదియే.

పని పోయిన యిల్లు చేత నున్న కొద్ది డబ్బుతో మొదట ఏమి కొనవలెను? పాత వంటను బట్టి మేము చెప్పగలది ఇది. మొదట పప్పుధాన్యము: కందియో పెసరయో బబ్బెరయో, ఏది చవకయైన అది. పిదప నువ్వులు: ఇవి నూనెకు కొంత బదులు, పులుసునకు చిక్కదనము. పిదప ఉప్పు, మిరప, చింతపండు. నూనె కొంచెము చాలును. కూర పెరటిలో పుంటిగింజలు నాలుగు చల్లినచో నెలలో వచ్చును. పెరడు లేనివారికి పగిలిన కుండయైనను చాలును. ఇంతమాత్రము ఉన్నచో చౌకబియ్యముతో పప్పాకు, పచ్చిపులుసు, తొక్కు వారమంతయు విసుగు లేక నడచును.

సాయంకాలమునకు సర్వపిండి కలదు. రెండు గ్లాసుల బియ్యపుపిండిలో నానిన శనగపప్పు గుప్పెడు, నువ్వులు, దంచిన పల్లీలు కొన్ని, ఉప్పు, కారము, కరివేపాకు వేసి గోరువెచ్చని నీటితో ముద్ద చేయవలెను. మందమైన గిన్నె లోపల చెంచాడు నూనె రాచి, ముద్దను అడుగునను అంచులను పలుచగా అద్ది, వ్రేలితో నడుమ నడుమ రంధ్రములు చేసి ఆ రంధ్రములలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగమీద పావుగంట ఉంచవలెను. అడుగు ఎఱ్ఱగా కాలి దానంతట అది ఊడివచ్చును. ఒక గిన్నె, కొంచెము నూనె, కొంచెము మంట. బియ్యమునకు పప్పు, నువ్వులు తోడు. కొన్ని ఊళ్లవారు దీనినే గిన్నెప్ప యందురు.

గటక మాత్రము నేడు చవక కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. పట్టణపు హోటళ్లలో జొన్న రొట్టెకు, గటకకు గౌరవము వచ్చినది. గౌరవముతో ధరయు వచ్చినది. తాత చవక యని తిన్న జొన్నను మనుమడు ఖరీదని మానుకొనుచున్నాడు. చౌకదుకాణములో బియ్యము ప్రక్కన కొన్ని కిలోల జొన్నలు, కొంత పప్పు కూడ ఈయవలె నను కోరిక ఇందువలననే న్యాయమైనది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని పేద స్త్రీలు బీడు భూములు సాగుచేసి తమ ఊరి పేదలకు తామే జొన్నలు చౌకగా పంచి ఇది సాధ్యమని చూపియున్నారు.

ఇక మొదట గుర్తుంచుకొనుమన్న మాట. పాత వంట చవక యనుచున్నాము. ఆ చవకలో లెక్కకు రానివి మూడు కలవు. ఒకటి ఊరుమ్మడి చింతచెట్టు, చేనిగట్టు, అడవి. రెండవది కట్టె. మూడవది స్త్రీ చేతులు. దంచినది, చెఱగినది, విసరినది, కూర ఏరినది, నీరు తెచ్చినది ఆమె. కూలి దొరకని దినమున పురుషునికి విశ్రాంతి. స్త్రీకి ఆనాడే పని రెట్టింపు. డబ్బు లేని లోటును ఆమె శ్రమతో పూడ్చెను. ఆ శ్రమకు ధర కట్టినచో గటక కంటె ఖరీదైన భోజనము మఱియొకటి లేదు. ఇసుర్రాయి పోయి పిండిమర వచ్చినప్పుడు ఆమె సంతోషించినదన్న అందు వింత లేదు.

కావున ఈ వంటను నిలుపుకొనవలె నన్నచో ఆమెను మరల రోటికి కట్టివేయుట త్రోవ కాదు. గింజను మర విసరును. కూర ఏరుట, పప్పు నానబెట్టుట, గటక కలుపుట, సర్వపిండి అద్దుట పని లేక ఇంటనున్న మగవాని చేతికిని వచ్చు పనులే. తెడ్డు పట్టినంతమాత్రమున అతని పరువు పోదు. ఇంటిల్లిపాది తినునప్పుడు దిగులు కొంత తగ్గును.

మీ యింట అవ్వ యున్నచో, గాదె అడుగంటిన భాద్రపదమున ఆమె తల్లి ఏమి వండెనో అడుగుడు. గ్లాసుల కొలతలు ఆమె చెప్పలేకపోవచ్చును. చేతి కొలత చూపును. ఆమె చూపుచుండగా కొలిచి వ్రాసికొనుడు. కోటల శాసనములను కాపాడుటకు శాఖలున్నవి. ఈ కొలతలను కాపాడుటకు మీరు, మేమే ఉన్నాము.